శామ్ వుడింగ్ బృందం - కూలికి వాయించేవాడి కళ

1

కళ ఎవరి కోసం అనే ప్రశ్నను మన విమర్శ తన మొదటి ప్రశ్నగా పెట్టుకుని ఎనభై యేళ్లు దాటింది. 1936లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పుడు గాని, 1943లో తెనాలిలో తెలుగు రచయితలు సంఘంగా కూడినప్పుడు గాని ఆ ప్రశ్నే ముందు నిలబడింది. దాని అవసరం తీరిపోలేదు. రాజాస్థానాల ప్రబంధాన్నీ, జమీందారు చావడిలో పుట్టిన చాటువునూ, నేటి కోట్ల రూపాయల సినిమానూ ఆ ప్రశ్న వెయ్యకుండా తూచలేము. కాని ఆ ఒక్క ప్రశ్ననే చేతబట్టుకుని, కళను కూలికి అమ్ముకునే మనుషుల దగ్గరికి వెళ్లినప్పుడు విమర్శ తరచు దారి తప్పుతున్నది. కూలికి వాయించేవాడు డబ్బిచ్చినవాడి కోసమే వాయిస్తాడు. అంతమాత్రాన ఆ సంగీతం డబ్బిచ్చినవాడిదై పోతుందా? సాలెవాడు నేసిన పట్టుచీరెను దొరసాని కట్టుకుంటుంది గనుక ఆ నేతపని దొరసానిదని మనలో ఎవరూ అనరు. సంగీతం విషయంలో మాత్రం దాదాపు అంత మాటా అంటున్నాము.

నేను పాఠం చెప్పుకుని బతికే కొత్తగూడ ప్రాంతంలో ఇది పుస్తకాలలోని చర్చ కాదు. ఇక్కడ కోయవారి డోలి వుంది, మాదిగల డప్పు వుంది, లంబాడీల పాట వుంది, పెళ్లిళ్లకు వచ్చే బ్యాండు మేళం వుంది. మొదటి మూడింటినీ ప్రజాకళలని సభలలో గౌరవంగా పేర్కొంటాము. నాలుగోదాని పేరెత్తితే ముఖం చిట్లిస్తాము. "సినిమాపాటలు ఊదే కిరాయి మేళం, దానిలో కళ ఏముంది?" అన్న మాట విద్యావంతులైన మిత్రుల నోట నేను ఎన్నోసార్లు విన్నాను. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది, ఇది ఎంతవరకు న్యాయం అన్నది నా ప్రశ్న.

దానికి జవాబు వెతకడానికి కొంచెం దూరం వెళ్లవలసి వుంది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ యూరప్ అంతా తిరిగి వాయించిన నల్లజాతి అమెరికన్ బృంద నాయకుడు శామ్ వుడింగ్ జీవితమూ, అతని సంగీతాన్ని ఆనాటి వామపక్షం తూచిన తీరూ మన ప్రశ్నకు దగ్గరి ఉదాహరణలు. మన వూరి గొడవను మనం కోపతాపాలు లేకుండా చూడలేము. పరాయి దేశంలో, నూరేళ్ల కిందట జరిగినదాన్ని కొంత నిదానంగా చూడగలము.

2

వుడింగ్ 1895లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. పియానో అతని వాద్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో నల్లవారితో కూర్చిన 807వ పయొనీర్ దళం బ్యాండులో చేరి ఫ్రాన్సు వెళ్లాడు. ఈ వివరం చిన్నదే గాని ముఖ్యమైనది. జాజ్ అనే సంగీతం చేతుల్లోకి తీసుకున్న ట్రంపెట్టు, ట్రాంబోను, క్లారినెట్టు, పెద్ద డోలు అన్నీ సైనిక బ్యాండుల వాద్యాలే. యుద్ధాలకు, కవాతులకు పుట్టిన ఇత్తడి వాద్యాలను బానిసల మనుమలు తమ పాటకు వంచుకున్నారు.

యుద్ధం ముగిశాక వుడింగ్ హార్లెంలో బృందాన్ని కూర్చుకున్నాడు. 1925 నాటికి న్యూయార్కులో బ్రాడ్వే మీది క్లబ్ అలబామ్‌లో వాయిస్తున్నాడు. నల్లవారు వాయించాలి, తెల్లవారు కూర్చుని వినాలి అన్నది ఆనాటి అమెరికన్ వినోదశాలల మామూలు నియమం. అక్కడ అతని వాయింపు విన్న ఒక రష్యన్ వ్యాపారి బృందాన్ని యూరప్‌కు పిలిచాడు. అట్లా తయారైన ప్రదర్శన పేరు 'చాకొలెట్ కిడ్డీస్'. పేరులోనే అవమానం వుంది. ముప్ఫై మందికి పైగా వున్న వయసు వచ్చిన గాయకులు, నర్తకులు, వాద్యకారులు గోడపత్రికల మీద చాకొలెట్ రంగు పిల్లలైపోయారు.

దాని పాటలు కొన్నింటిని అప్పటికి పేరు రాని డ్యూక్ ఎల్లింగ్టన్, రచయిత జో ట్రెంట్‌తో కలిసి కట్టాడు. ప్రచురణకర్త తన భార్య ఉంగరం తాకట్టు పెట్టి 500 డాలర్లు ఇచ్చాడనీ, తరవాత అతడు లక్షాధికారి అయ్యాడనీ ఎల్లింగ్టన్ తన ఆత్మకథలో నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆ నవ్వు వెనక లెక్క మనకు తెలియనిది కాదు. పాట కట్టినవాడికి ఒకసారి కూలి, పాటను అచ్చువేసినవాడికి తరతరాల ఆస్తి.

1925 మే 25న బెర్లిన్‌లోని అడ్మిరాల్స్‌పలాస్ట్ నాటకశాలలో ప్రదర్శన మొదలయింది. ఆ తరువాత హాంబర్గ్, స్టాక్‌హోం, కోపెన్‌హేగన్, ప్రాగ్, బుడాపెస్ట్, వియన్నా, మాడ్రిడ్, పారిస్ - యూరప్ పెద్ద నగరాలు దాదాపు అన్నీ ఆ బృందాన్ని విన్నాయి. 1926 మొదటి నెలల్లో మాస్కో, లెనిన్‌గ్రాడ్ కూడా విన్నాయి. 1927లో బృందం దక్షిణ అమెరికా వెళ్లింది. 1928లో మళ్లీ యూరప్ చేరింది. 1931లో విడిపోయింది.

ఈ బృందంలో వాయించినవారు సామాన్యులు కారు. ట్రంపెట్ టామీ లాడ్నియర్, క్లారినెట్ గార్విన్ బుషెల్, శాక్సఫోన్ విల్లీ లూయిస్, జీన్ సెడ్రిక్, ట్రాంబోన్ హెర్బ్ ఫ్లెమింగ్, తరవాతి సంవత్సరాలలో డాక్ చీటం - జాజ్ చరిత్రలో ప్రతి పేరుకూ చోటు వుంది. వారు స్వరలిపి చదివి వాయించేవారు. వాద్యానికి వాద్యానికి వేరువేరుగా రాసిన భాగాలను కలిపి వాయించడం వారి నిత్యకృత్యం. ప్రదర్శన నడుమ బృందం ఒక్కటే వేదిక మీద కూర్చుని, సింఫనీ పద్ధతిలో కూర్చిన జాజ్‌ను కచ్చేరీగా వినిపించేది. బెర్లిన్‌లో 1925లో వోక్స్ కంపెనీకి ఇచ్చిన 'షాంఘై షఫుల్', 'అలబామీ బౌండ్' వంటి రికార్డులు ఈనాటికీ వినవచ్చు. వాటిలో నాకు ముందుగా వినిపించేది క్రమశిక్షణ. బాంజో, ట్యూబా తాళం వేస్తుంటే కొమ్ములన్నీ ఒకేసారి ఎత్తుకుని ఒకేసారి విడుస్తాయి. ఆ కట్టుబాటు మధ్య ఒక్కొక్కరికి కొద్దిపాటి జాగా దొరుకుతుంది, అక్కడ ఒకడు తన మాట తాను చెప్పి వరసలోకి వెళ్లిపోతాడు. 1929లో బార్సెలోనాలో ఇచ్చిన 'టైగర్ రాగ్' వంటి రికార్డులకు వచ్చేసరికి ఆ జాగా పెరిగింది, తాళం వదులయింది. నాలుగేళ్ల ప్రయాణంలో బృందం ఎదిగిందనడానికి అదే సాక్ష్యం. ఇది ఒక వృత్తి. సాధనతో, చదువుతో, చేతినొప్పితో వచ్చిన పనితనం.

బెర్లిన్ ఈ పనితనాన్ని చూసిందా అన్నది తరవాతి ప్రశ్న.

3

మొదటి రాత్రి జరిగిన ఒక సంగతిని వుడింగ్ తరవాతి కాలంలో చెప్పుకున్నాడు. ప్రదర్శన ముగియగానే జనం కాళ్లతో నేలను దంచుతూ "బిస్! బిస్!" అని అరవసాగారు. బిస్ అంటే మరోసారి అని. మన పద్యనాటకాలలో రాగం తీసిన నటుడి మీదికి విసిరే "వన్స్‌మోర్" వంటిదే. కాని ఆ వాద్యకారులకు అది ఇంగ్లీషు మాట 'బీస్ట్' లాగా, అంటే 'మృగం' అని తమను తిట్టినట్టుగా వినిపించింది. బెదిరిపోయి వేదిక వెనక్కి పరుగెత్తారు.

ఈ సంగతిని హాస్యంగా చెప్పడం పరిపాటి. నాకు ఇందులో హాస్యం కంటే చరిత్ర ఎక్కువ కనిపిస్తున్నది. తమను మెచ్చుకుంటున్న జనం నోట తిట్టు వినిపించిందంటే ఆ మనుషులు ఏ దేశం నుంచి, ఏ అనుభవం మోసుకుని వచ్చారో ఊహించుకోవచ్చు. పైగా ఆ అపార్థంలో ఒక నిజం కూడా వుంది. బెర్లిన్ వారు నిజంగా మెచ్చుకున్నారు. కాని ఆ మెప్పులో చాలా భాగం అడవి నుంచి వచ్చిన ప్రాణశక్తిని మెచ్చుకున్న మెప్పే. యుద్ధంలో ఓడి అలసిపోయిన నాగరికతకు ఈ నల్లవారు ఆదిమానవుడి సహజోల్లాసాన్ని తెచ్చి పోశారని పత్రికలు రాశాయి. స్వరలిపి ముందు పెట్టుకుని వాయిస్తున్న పట్టణవాసులను, ఫిలడెల్ఫియా, న్యూయార్కు వాసులను, అడవి మనుషులుగా చూడగలిగారు. వాద్యకారుడి సాధన వారికి కనిపించలేదు, రక్తం కనిపించింది.

1927లో లైప్‌జిగ్‌లో ఎర్నెస్ట్ క్రెనెక్ సంగీత నాటకం 'జానీ స్పీల్ట్ ఔఫ్' ప్రదర్శించారు. దానిలో జానీ నల్లజాతి జాజ్ ఫిడేలు వాద్యకారుడు. ఆ వేషాన్ని తెల్ల గాయకులు ముఖానికి నల్లరంగు పూసుకుని వేశారు. నల్ల వాద్యకారులు యూరప్ నగరాలలో నడిచి తిరుగుతున్న కాలంలోనే యూరప్‌కు తాను గీసుకున్న నల్లవాడి బొమ్మ ఎక్కువ నచ్చింది.

ఈ చూపు నల్లవారితో ఆగలేదు. 1926లో బెర్లిన్ జంతుప్రదర్శనశాలలో జాన్ హాగెన్‌బెక్ అనే వ్యాపారి భారతీయులను తెచ్చి ప్రదర్శనకు పెట్టాడు. మన మనుషులు అక్కడ ఏనుగులతోపాటు చూడదగిన వింత. ఆ సంవత్సరాలలోనే మన హైదరాబాదులో పుట్టిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ, నిజాం కాలేజీ అఘోరనాథుల కుమారుడు, సరోజినీదేవి తమ్ముడు, అదే బెర్లిన్‌లో ప్రవాసిగా బతుకుతూ బ్రిటిష్ సామ్రాజ్యం మీద పోరాటం నడుపుతున్నాడు. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘం పుట్టినప్పుడు దాని కార్యదర్శులలో ఒకడయ్యాడు. ఆ సభలో భారతీయులూ, చైనీయులూ, సెనెగల్‌కు చెందిన లామిన్ సెంగోర్ వంటి ఆఫ్రికన్లూ ఒకే వేదిక ఎక్కారు. నాటకశాలలో, జంతుశాలలో వింతలుగా వున్న జాతులు అక్కడ తమ మాట తాము చెప్పుకున్నాయి. వామపక్షం సాధించిన గొప్ప పని ఇది. కనుకనే, అదే వామపక్షం వుడింగ్ బృందం ముందు ఎట్లా నిలబడిందో చూడడం మన బాధ్యత.

4

1926లో మాస్కో వెళ్లిన నల్ల వాద్యకారులకు అక్కడి ఆదరణ గుర్తుండిపోయింది. హోటలులో, రైలులో, వీధిలో రంగు అడ్డుగోడ లేదు. అదే శీతాకాలంలో సిడ్నీ బెషే వున్న మరో బృందం కూడా అక్కడ వుంది. అక్కడ కలిసిన బెషే, లాడ్నియర్ జీవితాంతం స్నేహితులయ్యారు. ఈ ఆదరణను చిన్నచూపు చూడడానికి వీలులేదు. అమెరికాలో నల్లవారిని చెట్లకు ఉరితీస్తున్న రోజులవి.

ఇక కళావిమర్శ సంగతి. జీగా వెర్తోవ్ గొప్ప చలనచిత్రకారుడు. 1926 చివర విడుదలైన 'ప్రపంచంలో ఆరోవంతు' అనే అతని చిత్రం మొదటి భాగంలో పెట్టుబడిదారీ ప్రపంచాన్ని చూపుతాడు. ఉన్ని కోట్లు వేసుకున్న ధనికులు ఫాక్స్‌ట్రాట్ ఆడుతుంటారు, వలసల్లో కూలీలు మోతలు మోస్తుంటారు, వేదిక మీద నల్ల కళాకారులు ఆడుతుంటారు. ఆ నల్లవారు చాకొలెట్ కిడ్డీస్ బృందం వారే. యజమాని వినోదం కోసం బతికే బానిసలుగా, చావబోతున్న వర్గం చేతి ఆటబొమ్మలుగా వారిని చూపించాడు.

వెర్తోవ్ చెప్పిన దానిలో అబద్ధం లేదు. వారి కళను ధనికులు కొన్నారన్నది నిజం. వారి జాతి దోపిడీకి గురయిందన్నది నిజం. అయినా ఆ చిత్రంలో ఒక పెద్ద లోటు వుంది. కర్మాగారంలో సుత్తి పట్టిన చేతిని వెర్తోవ్ కెమెరా ఎంత ప్రేమగా చూస్తుందో మనకు తెలుసు. పని ఎట్లా జరుగుతుందో, పనిలో మనిషి ఎట్లా వెలుగుతాడో చూపడంలో అతడిని మించినవాడు లేడు. అదే కెమెరా ఎదుట కొమ్ము పట్టిన చేయి వచ్చినప్పుడు ఆ చెయ్యి చేస్తున్నది పని అని దానికి తోచలేదు. ఆ చెయ్యి ఇతరుల పాపానికి సాక్ష్యంగా మాత్రమే మిగిలింది.

రెండేళ్ల తరవాత, 1928 ఏప్రిల్‌లో, ప్రావ్దా పత్రికలో మాక్సిమ్ గోర్కీ వ్యాసం వచ్చింది. 'అమ్మ' నవల ద్వారా మన ఇళ్లలో మనిషైన గోర్కీ అప్పుడు ఇటలీలోని సొరెంటోలో వున్నాడు. రాత్రి నిశ్శబ్దంలో పక్క హోటలు రేడియోలో నుంచి వచ్చిన నృత్యసంగీతం అతని చెవిన పడింది. అది అతనికి బలిసినవాళ్ల సంగీతంగా వినిపించింది. ఆ పేరుతోనే వ్యాసం రాశాడు. తరవాత కొన్నేళ్లు సోవియట్ దేశంలో జాజ్‌ను అణచదలచినవారికి ఆ శీర్షిక ఒక ముద్రగా ఉపయోగపడింది.

కాని వ్యాసం మొత్తం చదివితే ఒక వాక్యం దగ్గర ఆగవలసి వస్తుంది. తమ తెల్ల యజమానులు నానాటికీ అనాగరికులవుతుంటే చూసి ఈ నల్ల వాద్యకారులు లోలోపల నవ్వుకుంటూ వుంటారనీ, అమెరికా నల్లవారు ఆ అనాగరిక దశను దాటి ఎంతో ముందుకు పోతున్నారనీ గోర్కీ అక్కడ భావిస్తాడు. బెర్లిన్ పత్రికలు చూడలేనిది, వెర్తోవ్ కెమెరా చూడలేనిది గోర్కీ ఆ ఒక్క వాక్యంలో చూశాడు. వేదిక మీద వున్నవాడికి ఒక మనస్సు వుంది. అతడు తన శ్రోతను గమనిస్తున్నాడు, తూస్తున్నాడు, నవ్వుకుంటున్నాడు. నవలాకారుడు గోర్కీ అయితే ఆ నవ్వు వెంట వెళ్లి వుండేవాడు. వ్యాసకర్త గోర్కీ దాన్ని దాటి కోపంలోకి వెళ్లిపోయాడు. ఆయన వెంట నడిచినవారు కోపాన్ని తీసుకున్నారు, నవ్వును వదిలేశారు.

సోవియట్ దేశంలో అందరూ ఇట్లా ఆలోచించలేదు. లూనచార్‌స్కీ నాయకత్వంలోని విద్యా కమిసేరియట్ 1926లో లియోపోల్డ్ తెప్లిత్‌స్కీ అనే పియానో వాద్యకారుణ్ణి ఆ సంగీతం నేర్చుకు రమ్మని అమెరికా పంపింది. అతడు వెళ్లింది వుడింగ్ పుట్టిన ఫిలడెల్ఫియాకే. తిరిగివచ్చి 1927లో లెనిన్‌గ్రాడ్‌లో జాజ్ కచ్చేరీ ఇచ్చాడు. ఒక ప్రభుత్వం జాజ్‌ను నేర్చుకోదగిన విద్యగా గుర్తించి మనిషిని పంపడం సరైన మార్గం. ఆ మార్గం కొనసాగలేదు. తెప్లిత్‌స్కీ తరవాత అరెస్టయ్యాడు. మన చటోపాధ్యాయ కూడా 1937లో మరణశిక్షకు గురయ్యాడు. ఈ నిజాలను కప్పిపుచ్చుకుని వామపక్ష కళావిమర్శ ముందుకు పోలేదు.

5

1936లో జర్మన్ తత్త్వవేత్త అడోర్నో మారుపేరుతో జాజ్ మీద ఒక వ్యాసం రాశాడు. అందులోని వాదం స్థూలంగా ఇది. జాజ్‌లో వినిపించే స్వేచ్ఛ నకిలీది. తాళం తప్పినట్టే తప్పి చివరకు ఉన్నచోటికే వస్తుంది. అది అమ్మకపు సరుకు. శాక్సఫోను వెండి మెరుపు ఎంతో, వాద్యకారుడి నల్లని చర్మం కూడా అంతే - రెండూ కొనుగోలుదారుణ్ణి ఆకర్షించే రంగులు. సరుకు స్వభావాన్ని ఇంత పదునుగా విప్పి చెప్పినవారు తక్కువ. మార్కెట్టు నల్లవాడిని ఎట్లా చూస్తుందో అతడు సరిగానే చెప్పాడు. ఆ చూపు అవతల నల్లవాడు ఏం చేస్తున్నాడన్నది మాత్రం అతని విచారణలోకి రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గోర్కీనీ, అడోర్నోనూ ఫాసిస్టులతో ఒక గాట కట్టడం కొందరికి సరదా. అది అన్యాయం. నాజీలకు జాజ్ మీద కోపం వచ్చింది దాన్ని ధనికులు కొన్నందువల్ల కాదు, నల్లవారూ యూదులూ చేసినందువల్ల. 1930లోనే తురింజియా రాష్ట్రంలో నాజీ మంత్రి ఫ్రిక్ నల్లవారి సంస్కృతికి వ్యతిరేకంగా ఉత్తర్వు వేశాడు. 1938లో డుసెల్‌డోర్ఫ్‌లో 'క్షీణించిన సంగీతం' పేరిట పెట్టిన ప్రదర్శనకు గోడపత్రిక, కోటు మీద యూదుల నక్షత్రం ధరించిన నల్ల శాక్సఫోన్ వాద్యకారుడు. నాజీ ద్వేషం మనిషి మీద, గోర్కీ ద్వేషం దోపిడీ మీద. కాని ద్వేషించవలసినది సరిగా ఎంచుకున్నంత మాత్రాన విమర్శ పూర్తికాదు. ప్రేమించవలసిన మనిషిని కూడా గుర్తుపట్టాలి.

దీనికి ఎదురు పొరపాటు మరొకటి వుంది. వుడింగ్‌ను విప్లవకారుడిగా చిత్రించడం. అతడు విప్లవకారుడు కాడు. చాకొలెట్ కిడ్డీస్ అన్న పేరు కింద జీతం తీసుకున్నాడు. శ్రోత కోరిన ఉల్లాసాన్ని శ్రోతకు అమ్మాడు. ఆ ఉల్లాసం మాటున సింఫనీ పద్ధతి కచ్చేరీ ఒకటి ఇమిడ్చి, మేము ఇది కూడా చేయగలమని చూపుకున్నాడు. ఈ రెండూ ఒకే మనిషిలో వున్నాయి. ఆ వైరుధ్యాన్ని అట్లాగే చూడగలగడం గతితార్కిక దృష్టి. ఒక కొసను కోసేసి మిగిలిన కొసను పొగడడమో తిట్టడమో దానికి సరికాదు.

కళ ఎవరిని చేరుతుందో టిక్కెట్టు నిర్ణయించలేదనడానికి కూడా అదే బెర్లిన్‌లో ఒక ఉదాహరణ వుంది. అక్కడ వుడింగ్ బృందాన్ని విన్నవారిలో ఆల్ఫ్రెడ్ లయన్ అనే యూదు కుర్రవాడున్నాడు. అతడు తరవాత జర్మనీ విడిచి అమెరికా చేరి 1939లో బ్లూ నోట్ అనే రికార్డుల సంస్థను స్థాపించాడు. నల్ల వాద్యకారుల పనితనాన్ని శ్రద్ధగా భద్రపరచిన సంస్థలలో అది ముఖ్యమైనది. వందలమంది అడవిని విన్నచోట ఒక్క కుర్రవాడు సంగీతాన్ని విన్నాడు.

వుడింగ్ మాత్రం ఎక్కువ కాలం మరుగున పడిపోయాడు. అమెరికాలో జాజ్ వేగంగా రూపు మార్చుకుంటున్న సంవత్సరాలలో అతడు అక్కడ లేడు. బెర్లిన్, బార్సెలోనా, పారిస్ నగరాల్లో ఇచ్చిన రికార్డులు స్వదేశంలో వినిపించలేదు. అతని సహచరుల గతి ఇంకా విచారకరం. యూరప్ అంతా చూసిన లాడ్నియర్, బెషే 1933లో ఆర్థిక సంక్షోభం దెబ్బకు హార్లెంలో దర్జీ దుకాణం పెట్టి, ఒకరు బట్టలు ఇస్త్రీ చేస్తూ, ఒకరు బూట్లకు పాలిష్ పట్టి బతికారు. లాడ్నియర్ 1939లో చనిపోయాడు. బలిసినవాళ్ల సంగీతం వాయించినవాళ్ల బతుకు ఇది. వుడింగ్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదివి, గాయక బృందాలను నడిపి, పాఠాలు చెప్పి, 1970లలో మళ్లీ ఒక బృందాన్ని కూర్చి, 1985లో తొంభై యేళ్ల వయసులో కన్నుమూశాడు.

6

ఇదంతా మనకు పరాయి కథ కాదు. యూరప్‌లో పేరు తెచ్చుకున్న లియాన్ అబీ అనే నల్లజాతి ఫిడేలు వాద్యకారుడు 1935-36 శీతాకాలంలో తన బృందంతో బొంబాయి తాజ్‌మహల్ హోటలుకు వచ్చాడు. ఆ శీతాకాలం గడిచిన ఏప్రిల్‌లోనే లక్నోలో మన రచయితలు సమావేశమయ్యారు. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే పియానో వాద్యకారుడు కలకత్తా గ్రాండ్ హోటలులో వాయిస్తూ 1945లో కలరాతో అక్కడే చనిపోయాడు. వారి వద్ద, వారి తరువాత వాయించిన గోవా వాద్యకారుల ద్వారా ఆ సంగీతం హిందీ సినిమాలోకి వచ్చింది. సినిమా పాట నుంచి మన వూరి పెళ్లి పందిట్లోకి వచ్చింది.

బ్యాండు మేళం వుట్టి అనుకరణ అనేవారు దాని వాద్యాల వైపు ఒకసారి చూడాలి. క్లారినెట్టు, ట్రంపెట్టు, పెద్ద డ్రమ్ము, భుజాల మీద జరీ కుచ్చుల ఎర్రకోటు - ఇవన్నీ సైన్యం నుంచి దిగివచ్చినవే. ఫిలడెల్ఫియా వుడింగ్‌కు కొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో మన బ్యాండు మేస్త్రీకీ అక్కడినుంచే వచ్చింది. తెలంగాణ పల్లెల్లో ఈ వాద్యాలు పట్టినవారు ఎక్కువమంది డప్పు కొట్టిన కులం పిల్లలే. చావుకూ దండోరాకూ కొట్టిన డప్పుకు ఊరు వెలకట్టిన విధానం వేరు. బయానా తీసుకుని, ముహూర్తం ఖాయం చేసుకుని, కోటు వేసుకుని వచ్చే మేళానికి వెలకట్టే విధానం వేరు. వెట్టి నుంచి కూలికి జరిగిన ఈ మార్పు చిన్నది కాదు. దానిలో ఆత్మగౌరవం వుంది. "మా నాయిన డప్పు పట్టలేదు సార్, క్లారినెట్టు పట్టిండు" అని మా కాలేజీలో ఒక పిల్లవాడు నాతో అన్నప్పుడు, ఆ 'పట్టలేదు' అన్న మాటలో ఒక తరం పోరాటం వినిపించింది. ప్రజాకళ పేరుతో మనం అతన్ని తిరిగి డప్పు పట్టమంటే అతడు మన ముఖం చూడడు.

ఆ తండ్రి ఏం వాయిస్తాడు? స్వరలిపి లేకుండా, చెవితో పట్టి, వంద పాటలు గుర్తుంచుకుని, బరాతు నడక వేగానికి తాళాన్ని మార్చుకుంటూ నాలుగు గంటలు ఊపిరి నిలబెడతాడు. సినిమా పాటను యథాతథంగా ఊదడు. చరణానికీ చరణానికీ మధ్య తన సొంతం కొంత వేస్తాడు. మూఢం నెలల్లో కూలికి పోతాడు. ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చి ఆ బయానాలు కూడా తగ్గుతున్నాయి. ఈ మనిషిని గురించి మన పత్రికలలో ఎన్ని వ్యాసాలు వచ్చాయి?

మరి మనం గౌరవించే డోలి సంగతి? పగిడిద్దరాజును మేడారం జాతరకు తీసుకువెళ్లేది ఈ ప్రాంతపు పూనుగొండ్ల నుంచే. డోలి కోయలు పడిగె అనే బొమ్మల గుడ్డను విప్పి ఇంటిపేర్ల పుట్టుక, వీరుల చరిత్ర పాడతారు. అది ఒక జాతి చరిత్ర గ్రంథం. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో మరణించారు. కాని సభలలో డోలిని ఎట్లా వాడుతున్నాము? ముఖ్య అతిథి కారు దిగి వేదిక చేరేవరకు ముందు నడిచి వాయించమంటాము. అతిథి కూర్చోగానే ఆపమంటాము. రాత్రంతా పాడవలసిన కథకు మూడు నిమిషాలు. తలకు కొమ్ములు, ఈకలు వుంటే చాలు, ఫొటో బాగుంటుంది. "ఆదివాసీల సహజమైన ఆనందం" అని మరుసటి రోజు పత్రిక రాస్తుంది. ఇది అడ్మిరాల్స్‌పలాస్ట్ చప్పట్ల వంటిది కాదని ఎట్లా అనగలము?

అంటే డోలిని మనం బెర్లిన్ చూపుతో మెచ్చుకుంటున్నాము, బ్యాండు మేళాన్ని వెర్తోవ్ చూపుతో తోసిపుచ్చుతున్నాము. ఒకరిలో అడవినీ, ఇంకొకరిలో మార్కెట్టునూ చూస్తున్నాము. ఇద్దరిలోనూ పనివాడు తప్పిపోతున్నాడు.

మన ఉద్యమం ఒకప్పుడు ఇంతకంటే బాగా చూసింది. బుర్రకథ మూలం జంగం కథ. ఇంటింటి బిచ్చం మీద, దొరల ఈనాం మీద బతికిన కళ. ఎవరి కోసం అన్న ఒక్క ప్రశ్నతో తూచి వుంటే ప్రజానాట్యమండలి దాన్ని ముట్టుకునేది కాదు. నాజర్ దాని గొంతును, నడకను, హాస్యాన్ని, వంత పద్ధతిని పనివాడి కళ్లతో పరిశీలించి చేతికి తీసుకున్నాడు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను అట్లాగే తీసుకున్నాడు. వారు రూపాన్ని అమ్ముడైన చోటును బట్టి తిరస్కరించలేదు. దాన్ని చేసిన చేతిని చూశారు.

కనుక కూలికి వాయించే కళ దగ్గర విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలకు ఒక వరస వుండాలని నా అభిప్రాయం. ఎవరు చేస్తున్నారు, ఎట్లా నేర్చుకున్నారు? ఏ షరతుల మీద, ఎంత కూలికి చేస్తున్నారు? ఆ షరతుల లోపల తమ సొంతం ఎంత నిలుపుకోగలుగుతున్నారు? ఈ మూడింటికి జవాబు తెలిశాక, ఎవరి కోసం అన్న నాలుగో ప్రశ్న వేయవచ్చు. అప్పుడు దాని పదును తగ్గదు, గురి కుదురుతుంది. గోర్కీ కోపం యజమానిని తగిలి, వాద్యకారుణ్ణి తగలకుండా వుండాలంటే ఈ వరస అవసరం.

ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ పని చాలా వుంది. ఎం.ఏ. పరిశోధనలకు విషయాలు దొరకడం లేదని వింటుంటాము. నర్సంపేట నుంచి గుండాల దాకా ఎన్ని బ్యాండు మేళాలున్నాయి, మేస్త్రీలు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, బయానా ఎంత, పంపకం ఎట్లా, ఏ పాటను ఎట్లా మార్చి వాయిస్తారు - ఇవి రాసి, వాయింపులను రికార్డు చేసి పెట్టడానికి పెద్ద నిధులు అక్కరలేదు. శామ్ వుడింగ్ రికార్డులను కాపాడింది బెర్లిన్, బార్సెలోనా కంపెనీల లాభాపేక్ష. మన మేస్త్రీల విషయంలో ఆ పాటి లాభాపేక్ష కూడా ఎవరికీ లేదు. ఆ పని మనమే చేయాలి. వచ్చే మాఘమాసపు ముహూర్తాలలోనే మొదలుపెట్టవచ్చు.